పంటకు తన కొయ్యకాళ్ళే అడ్డు

కర్నూలు, కడప సీమలలో కుందూ నదికి ఇరువైపుల పరచుకొన్న నల్లరేగడి చేలయందును, పత్తికొండ, డోను, రాయచోటి ప్రాంతముల ఎఱ్ఱగరుసు నేలలయందును, వానను నమ్ముకొని సేద్యము చేయు రైతు, ఒకే పైరును ఒకే చేనిలో ఏటేట వేయుచు పోయినచో, ఎరువు తగ్గకపోయినను, వాన తప్పకపోయినను, రానురాను మొలక పలుచబడి, మొక్క గిడసబారి, గింజ తగ్గునని స్వానుభవముచేత ఎఱుగును. ఎందువలన అని అడిగినచో భూమి అలసినదని చెప్పును. ఆ మాటలో నిజము లేకపోలేదు. కాని అది సంపూర్ణమైన సమాధానము కాదు. ఏలయన, భూమియే అలసియున్నచో అందు వేఱొక పైరును ఎదుగరాదు గదా! జొన్న నీరసించిన చేనిలోనే శనగ ఏపుగా పెరుగుటయు, బుడ్డలు (వేరుశనగ) దిగజారిన చేనిలోనే కొర్ర నిలువుగా లేచుటయు కన్నుల యెదుట జరుగుచున్నవి. కనుక భూమినుండి ఏదో పోవుట మాత్రమే కాక, ఆ పైరుకు ప్రత్యేకముగా పడనిది ఏదో భూమిలో చేరుచున్నదని తలపకతప్పదు.

ఆ చేరునది కొంతవరకు ఆ పైరు విడిచిపోయిన కొయ్యకాళ్ళనుండియు, నేలలో మిగిలిన వేళ్ళనుండియు, రాలిన ఆకునుండియు పుట్టుచున్నదని నూఱేండ్లకు పైగా సాగిన పరిశోధనలు తెలుపుచున్నవి. ఒక మొక్క విడిచిన రసాయనములు మఱియొక మొక్క పెరుగుదలను మార్చు ఈ వ్యవహారమునకు శాస్త్రజ్ఞులు అల్లెలోపతి అని పేరిడిరి; ఆ దెబ్బ తన జాతిమీదనే పడినప్పుడు అది స్వజాతి విషప్రభావ మగును. ఐతే, ఈ విషము పాము కోఱలోని విషమువలె ఎల్లవేళల విషముగానే యుండునది కాదు. అదే చొప్ప, అదే వేరు, ఒక నెలలో మొలకను చంపును. ఆఱు నెలలు గడచిన పిమ్మట అదే మొలకకు ఆహారమగును. నడుమ జరిగిన దేమి, అది జరుగుటకు మన మెట్ట భూములలో ఎంత వ్యవధి కావలెను అన్నదే ఈ విషయములో రైతు తెలియవలసిన ముఖ్యాంశము.

పాతకాలపు వివాదము

ఈ తలంపు నిన్న మొన్న పుట్టినది కాదు. క్రీస్తుకు పూర్వము 300 ప్రాంతమున గ్రీకు పండితుడు థియోఫ్రాస్టస్, తక్కిన పప్పుజాతి పైరులు నేలకు సత్తువ నిచ్చుచుండగా శనగ మాత్రము నేలను పీల్చివేయుననియు, కలుపును, అందు ముఖ్యముగా పల్లేరును, అది నశింపజేయుననియు వ్రాసెను. శనగచేనిలో పల్లేరుకాయలు కాలిలో దిగిన కోవెలకుంట్ల రైతునకు ఆ వాక్యములోని రెండవ భాగము నవ్వు తెప్పింపవచ్చును. కాని ఒక పైరు తన తరువాత వచ్చు మొక్కలమీద మేలో కీడో చూపునన్న గుర్తింపు అంత పురాతనమైనదని మనము గ్రహింపవలెను.

1832లో స్విట్జర్లాండు దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు డి కాండోల్, ప్రతి మొక్కయు తనకు అక్కఱలేని పదార్థములను వేళ్ళద్వారా నేలలోనికి విసర్జించుననియు, అవి తన జాతికి హానికరములగుటచేతనే ఒకే పంటను మరల మరల వేయరాదనియు, పంటమార్పిడి అవసరమగుటకు కారణము అదియే యనియు సిద్ధాంతీకరించెను. ఆక్స్‌ఫర్డు ఆచార్యుడు డాబెనీ పదేండ్లపాటు మళ్ళలో పంటలు వేసి చూచి 1845లో ప్రకటించిన ఫలితములు ఆ సిద్ధాంతమునకు అనుకూలింపలేదు. అంతకుముందే, 1840లో, జర్మను రసాయనికుడు లీబిగ్ మొక్కకు కావలసినవి ఖనిజలవణములని ప్రతిపాదించియుండుటచేత, పంట తగ్గుటకు కారణము పోషకముల కొఱత తప్ప మఱేమియు కాదన్న అభిప్రాయము స్థిరపడి, డి కాండోల్ మాట మూలబడినది. 1907 ప్రాంతమున అమెరికా వ్యవసాయశాఖకు చెందిన ష్రైనర్, రీడ్ అను శాస్త్రజ్ఞులు పండని నేలలను పరీక్షించి, మొక్కలకు కీడుచేయు సేంద్రియ పదార్థములు అందుండుట చూపి, ఆ మాటను మరల లేవనెత్తిరి. ఈ శాస్త్రమునకు ఇప్పటి పేరు పెట్టినవాడు ఆస్ట్రియా దేశీయుడైన హాన్స్ మోలిష్. 1937లో వెలువడిన గ్రంథమున ఆయన ఈ పని చేసెను. అంతకు కొన్నేండ్ల క్రిందట, 1928–29 నడుమ, ఆయన జగదీశచంద్ర బోసు స్థాపించిన కలకత్తా పరిశోధనాలయమున కొన్ని నెలలు గడపియుండుట మనవారికి ఆసక్తి కలిగించు విషయము.

ఈ నూఱేండ్ల తగవు ఫలితముగా తేలినదేమనగా, డి కాండోల్ చెప్పినది పూర్తిగా తప్పును కాదు, పూర్తిగా ఒప్పును కాదు. పోషకముల కొఱత, తెగుళ్ళు, పురుగులు, శేషములలోని విషములు ఇవన్నియు కలిసి పంటను దిగలాగును. ఏ చేనిలో ఏది ముఖ్యమన్నది ఆ పైరును బట్టియు, ఆ నేలను బట్టియు ఉండును.

జొన్న చేసెడి చేటు

మన ప్రాంతమునకు ఈ శాస్త్రము మిక్కిలి దగ్గఱగా వచ్చునది జొన్న విషయముననే. జొన్నలో విషమున్నదన్న సంగతి రాయలసీమ రైతునకు ఒకరు చెప్పవలసినది కాదు. బెట్టకు గిడసబారిన లేతజొన్నను గాని, కోసిన మోళ్ళనుండి మరల చిగిర్చిన పిలకలను గాని పశువు మేసినచో నాము తగిలి కొద్దిసేపటిలోనే కూలునని ఎఱిగియుండుట చేతనే, అట్టి చేనివైపు ఎడ్లను పోనీయక కాపలా కాయుట మన పల్లెలలో వాడుక. లేతజొన్నలో ధురిన్ అను పదార్థము కలదు. ఆకు నలిగినప్పుడు అది చీలి, ఒక భాగము హైడ్రోసయానిక్ ఆమ్లమై పశువును చంపును. రెండవ భాగము పారాహైడ్రాక్సీబెంజాల్డిహైడ్ అను పదార్థము; పశువు విషయమున దాని ప్రస్తావన రాదు గాని, నేలలో మొలకల విషయమున దీనికిని పాత్ర కలదు.

జొన్న వేరు చేయు పని మఱింత విచిత్రమైనది. వేరుకేశముల కొనలనుండి పసుపుపచ్చని నూనెబొట్లు ఊరి చుట్టునున్న మట్టికి అంటుకొనుచుండును. ఆ బొట్లలోని ముఖ్యపదార్థమగు సోర్గోలియోన్‌ను 1986లో అమెరికాలో నెట్జ్లీ, బట్లర్ అనువారు గుర్తించిరి. అది మొలకల ఆకులలో కిరణజన్యసంయోగమును అడ్డగించును. జొన్న, మొక్కజొన్న చేలలో కలుపు చంపుటకు మనవారు చల్లు అట్రాజిన్ మందును ఇంచుమించుగా ఆ చోటనే దెబ్బ కొట్టును. నూనెబొట్లు నీటిలో కరగవు గనుక వానకు కొట్టుకొనిపోక మట్టినే పట్టుకొని యుండును.

ఇక కోతతరువాత చేనిలో మిగులు కొయ్యకాళ్ళు, వేళ్ళు, రాలిన ఆకు కుళ్ళుట ఆరంభించినప్పుడు వాటినుండి ఫెరూలిక్, పారాకౌమరిక్, వానిలిక్, సిరింజిక్ మొదలగు ఫినాలిక్ ఆమ్లములు వెలువడును. ఇవి మొలక వేరుకొనల కణములపై పొరను చెఱచి, నీటిని, భాస్వరమును, పొటాషును పీల్చుకొను శక్తిని తగ్గించును. వేరు పొట్టిదై, గోధుమవన్నెకు తిరిగి, వేరుకేశములు పలుచబడును. మొక్క చావకపోవచ్చును, నాలుగు దినములు వెనుకబడును, అంతియే. నీరుపారు భూమిలో ఆ నాలుగు దినములను ఎవరును లెక్కింపరు. కాని మెట్టచేనిలో పైపొర పదును ప్రతిదినము క్రిందికి దిగిపోవుచుండును. దానితోపాటు క్రిందికి దిగవలసిన వేరు నాలుగు దినములు ఆలసించినచో ఇక దానిని అందుకొనలేదు. రాయలసీమలో ఈ విషప్రభావమునకు ఇతరచోట్ల లేనంత ప్రాముఖ్యము వచ్చుటకు ఇది మొదటి కారణము.

జొన్న తరువాత వచ్చు పంట నీరసించుటకు మఱియొక కారణమును చెప్పినవారు కలరు. అమెరికాలో కాన్రాడ్ 1927లో ఈ విషయమును శోధించి, నేరము జొన్నవేళ్ళలోను మోళ్ళలోను నిలువయుండు చక్కెరదని వాదించెను. చక్కెర దొరికినచో నేలలోని సూక్ష్మజీవులు ఒక్కసారిగా వృద్ధిపొందును. వాటి శరీరములు పెరుగుటకు నత్రజని కావలెను. చొప్పలో ఒక పాలు నత్రజనికి 60 పాళ్ళకు పైగా కర్బనము ఉండుటచేత అందు దొరకు నత్రజని చాలక, విందుకు వచ్చిన చుట్టములు ఇంటివారి పాలు కూడ తినివేసినట్లు, పైరుకు చెందవలసిన నత్రజనిని అవి మింగివేయును. పైరు పసుపువన్నెకు తిరుగును. కొంతకాలమునకు ఆ సూక్ష్మజీవులు చచ్చి, మింగిన నత్రజనిని మరల నేలకే ఒప్పజెప్పును. ఈ రెండు వాదములును పరస్పరవిరుద్ధములు కావు. ఒకే చేనిలో ఒకేసారి రెండును జరుగవచ్చును. గమనింపవలసినదేమనగా, ఈ రెంటికిని గడువు కలదు.

ఆ గడువును కొలిచినవారు అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రపు శాస్త్రజ్ఞులు. అచ్చట నేలకోత నివారించుటకై కొయ్యకాళ్ళను చేనిమీదనే వదలి సేద్యము చేయు పద్ధతి వ్యాపించగా, కొన్ని యేండ్లు పంట తగ్గుట చూచి, గ్వెంజీ, మెకాలా మొదలగువారు శేషములను చేలలో కుళ్ళనిచ్చి, అప్పుడప్పుడు తీసి, నీటిలో నానబెట్టి, ఆ నీటిని మొలకలపై పరీక్షించిరి. 1967లో వారు ప్రకటించినదాని ప్రకారము, గోధుమ, ఓట్ల గడ్డిలోని విషము 8 వారములలో ఇంచుమించు పూర్తిగా పోయినది; జొన్న, మొక్కజొన్న దంట్లలోనిది 22 మొదలు 28 వారములవఱకు నిలిచినది.

రెండు నేలలు, రెండు ఫలితములు

విషము ఎంతకాలము నిలుచునన్నది నేలను బట్టి మాఱును. ఈ విషయమున మనకు మిక్కిలి ఉపయోగపడు సాక్ష్యము పశ్చిమాఫ్రికాలోని సెనెగల్ దేశమునుండి వచ్చినది. మనకువలెనే అచ్చటను జొన్న, సజ్జ, బుడ్డలు ముఖ్యమైన పంటలు. మనకువలెనే వానకాలము పొట్టి, ఎండకాలము పొడుగు. జొన్న తరువాత జొన్న వేసినచో ఇసుకనేలలలో రెండవ పంట నీరసించుటయు, మాంట్‌మోరిలొనైట్ అను బంకమన్ను హెచ్చుగానున్న నేలలలో ఆ నీరసము కానరాకుండుటయు 1980లో ప్రకటితమైన ఫ్రెంచి పరిశోధనలలో తేలినది. ట్రైకోడెర్మా విరిడి, ఆస్పర్‌జిల్లస్ వంటి బూజులను చేర్చినచో ప్రయోగశాలలో ఆ విషము తొలగినదనియు వారు కనుగొనిరి. వేరుకుళ్ళు రాకుండుటకు విత్తనమునకు పట్టించుమని మన వ్యవసాయాధికారులు చెప్పెడి ట్రైకోడెర్మాయే ఇది.

ఈ ఫలితము మన సీమను రెండుగా చీల్చి చూపును. నంద్యాల, కోవెలకుంట్ల, ఆళ్ళగడ్డ, జమ్మలమడుగు ప్రాంతముల నల్లరేగడి ఆ మాంట్‌మోరిలొనైట్ బంకమన్నుతో నిండినది. వాన పడినప్పుడు ఉబ్బి, ఎండలో బీటలువారు గుణము దానికి ఈ మన్నువలననే వచ్చినది. దాని సన్నని పొరలు ఫినాలిక్ ఆమ్లములను తమలో పట్టి ఉంచి, మొలకకు తగులకుండ కాపాడును. పత్తికొండ, ప్యాపిలి, రాయచోటి ప్రాంతముల ఎఱ్ఱగరుసు నేలకు అట్టి కాపుదల లేదు. అందు బంకమన్ను తక్కువ, సేంద్రియ కర్బనము నూటికి అర పాలైనను లేని చేలు కొల్లలు. అందుచేత జొన్న మీద జొన్న వేయు రేగడి రైతు కొంతకాలము తప్పించుకొనవచ్చును గాని, గరుసునేల రైతు ఆ పని చేసినచో శిక్ష త్వరగా పడును. ఒక చేనివాని అనుభవము వేఱొక చేనివాని అనుభవముతో సరిపడకుండుటకును, ఇందు ఒకరు అబద్ధమాడుచున్నారని రచ్చబండ యొద్ద వాదులాడుకొనుటకును తఱచు ఇదియే మూలము.

పంచాంగము చెప్పని లెక్క

నెబ్రాస్కాలో 28 వారములన్నంత మాత్రమున మన చేలలోను అంతియే యనుకొనరాదు. కుళ్ళు సూక్ష్మజీవుల పని. సూక్ష్మజీవికి తేమ లేనిదే పని లేదు. సాలునకు 700 మిల్లీమీటర్లైనను నిండని వాన, అదియు చాలవఱకు జూన్ మొదలు అక్టోబరు లోపల పడి ముగియు ఈ సీమలో, జనవరి–ఫిబ్రవరులలో కోసిన హింగారి (రబీ) జొన్న కొయ్యలు, మార్చి, ఏప్రిల్, మే నెలలన్నియు ఎండిన కట్టెలై, కోసిననాడు ఎట్లుండెనో ఇంచుమించు అట్లే యుండును. నాలుగు నెలలు గడచినవి గదా యని రైతు తలచును. కొయ్యకు మాత్రము నాలుగు దినములైనను గడువలేదు. వారములను పంచాంగముతో గాక తేమతో లెక్కింపవలెను.

ఇంతలో తొలకరి వచ్చును. ఆ వాన రెండు పనులను ఒక్కసారిగా ఆరంభించును: చేనిలో గొఱ్ఱు కట్టుమని రైతును పిలుచును, కొయ్యలను కుళ్ళబెట్టుమని సూక్ష్మజీవిని మేల్కొలుపును. కుళ్ళు ఆరంభమైన మొదటి కొన్ని వారములలోనే విషము మిక్కుటముగా వెలువడును, నత్రజని కఱవు తీవ్రముగా నుండును; సరిగా ఆ వారములలోనే ముంగారి (ఖరీఫు) విత్తనము మొలకెత్తును. నీరు పుష్కలముగానున్న దేశములలో ఈ రెండు పనులకు నడుమ ఎడము దానంతట వచ్చును. మెట్టసీమలో ఆ ఎడమును రైతే కల్పింపవలెను.

పూర్వపు హింగారి సేద్యము ఆ ఎడమును కల్పించినది. నల్లరేగడిలో జూన్‌నుండి సెప్టెంబరువఱకు పైరు వేయక, వాన పడినప్పుడెల్ల గుంటక తోలి, కలుపు తీసి, తేమను నేలలోనికి ఇంకించి, పిమ్మట సెప్టెంబరు–అక్టోబరులలో జొన్నయో శనగయో విత్తుట ఆ పద్ధతి. తేమను కూడబెట్టుట దాని ముఖ్యోద్దేశము; కాని ఆ మూడు నాలుగు నెలల తడిలో, గుంటక త్రవ్వి గాలి తగిలించిన మట్టిలో, పాతకొయ్యలు పూర్తిగా కుళ్ళి, విషము వదలి, మింగిన నత్రజనిని తిరిగి ఇచ్చి, విత్తు పడునాటికి చేను శుద్ధిపడియుండెడిది. ఖాళీగా కనిపించిన ఆ వానకాలములో చేను చేయుచున్నది ఈ పనియే. ఆ ఖాళీలో ఇంకొక పంట తీయవచ్చునన్న ఆశ సహజమైనదే; ఐతే తీయబోవు రెండవ పంట మొదటిదాని జాతిదైనచో, లాభములో కొంత భాగమును పాతకొయ్యలు వసూలుచేయును.

వరి, బుడ్డలు, శనగ

జొన్నకు పట్టిన నియమము ఇతర పైరులకును ఎంతో కొంత పట్టును గాని, అన్నిటికి ఒకే రీతిగా పట్టదు. సుంకేసులవద్ద తుంగభద్రనుండి బయలుదేరి 306 కిలోమీటర్లు పాఱి కడప చేరు కర్నూలు–కడప కాలువ, మద్రాసు ఇరిగేషన్ కంపెనీవారిచేత త్రవ్వబడి, 1882లో ప్రభుత్వపరమై, ఈ ఎండసీమలో వరిమళ్ళను సృష్టించినది. వరికోతకు యంత్రములు వచ్చిన తరువాత, పూర్వము పశువులకై ఇంటికి పోయెడి గడ్డి మడిలోనే మిగిలిపోవుచున్నది. తైవానులో ఛౌ అను శాస్త్రజ్ఞుడు, కొద్ది వారముల ఎడముతో వరి వెంట వరి నాటు మళ్ళలో, మురుగు సరిగా పోని చోట్ల రెండవ పంట సుమారు 25 శాతము తగ్గుట పరిశీలించి, గాలి తగులని బురదలో కుళ్ళు గడ్డినుండి వెలువడు ఫినాలిక్ ఆమ్లములే అందుకు ముఖ్యకారణమని 1976లో చూపెను. కుళ్ళు మొదటి నెలలో ఆ విషము హెచ్చుగానున్నది. మురుగు పోవు మళ్ళలో ఆ బాధ లేదు. కనుక కాలువక్రింది పల్లపు మళ్ళలో దమ్ముకు ముందు నీరు తీసి మడిని ఆఱబెట్టుట ఎరువు వేయుటకంటె తక్కువ పని కాదు.

బుడ్డల సంగతి వేఱు. బుడ్డచెట్టును మనము కోయము, వేరుతో పెఱికివేయుదుము. కట్టెను పశువులకై వామి వేయుదుము. కొయ్యకాళ్ళన్నవి అందు లేవు. ఐనను తిక్కతెగులుకు రాలిన ఆకు, తెగి మిగిలిన వేరుముక్కలు, పైరు బ్రదికియున్న కాలమున వేళ్ళనుండి ఊరిన ద్రవములు నేలలోనే యుండును. ఏండ్లతరబడి బుడ్డలే వేసిన చైనా చేలలో పారాహైడ్రాక్సీబెంజోయిక్, వానిలిక్, కౌమరిక్ ఆమ్లములు నేలలో పేరుకొనుటను అచ్చటి శాస్త్రజ్ఞులు గుర్తించిరి. ఐతే ఇవి మొక్కను తిన్నగా చంపుటకంటె, నేలలోని మేలుచేయు సూక్ష్మజీవులను తగ్గించి, తెగులు బూజులను పెంచుటవలన ఎక్కువ కీడు చేయుచున్నవని వారి అధ్యయనములు సూచించుచున్నవి.

ప్రతి నీరసమునకు విషమే కారణమని తీర్పు చెప్పుట ప్రమాదకరమనుటకు మన యిరుగుననే దృష్టాంత మున్నది. 1975–76లో చిత్తూరు మండలమున కాళహస్తి ప్రాంతపు బుడ్డచేలలో కాయలు నల్లబడి, చిన్నవై, మొక్కలు పొట్టివైపోగా, పరిశోధకులు మట్టిని శోధించి, కంటికి కనబడని ఒక నులిపురుగే కారణమని కనుగొనిరి. ఆ బాధకు నేటికిని కాళహస్తి తెగులనియే పేరు.

ఇక శనగ. పొట్టికాలపు రకమగు జె.జి. 11 వచ్చినపిమ్మట నంద్యాల, కోవెలకుంట్ల, జమ్మలమడుగు ప్రాంతముల రేగడిలో శనగ విస్తరించి, జొన్నను, ప్రత్తిని వెనుకకు నెట్టి, ఎన్నో చేలలో ఏటేటి పంట యైనది. శనగమీద శనగ నీరసించినప్పుడు ముందుగా నిలదీయవలసినది ఎండుతెగులును. ఆ తెగులు బూజు శనగ లేకున్నను నేలలో 6 సంవత్సరములు బ్రదికియుండగలదని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు చూపిరి. దాని నివాసములలో ఒకటి తెగులుపడి చచ్చిన శనగమొక్కల శేషమే. నంద్యాల పరిశోధనాస్థానము యంత్రముతో కోయుటకు అనువుగా నిటారుగా పెరుగు ధీర, అనగా ఎన్‌బీఈజీ 47, అను రకమును ఇచ్చినది. కూలీలు దొరకని కాలమున అది గొప్ప సదుపాయమే. కాని యంత్రము గింజను తీసికొని పొట్టును, పుల్లను చేనిలోనే చల్లును. పూర్వము కల్లమునకు పోయి, దూడల మేతయై, పెంటదిబ్బలో మాగి తిరిగివచ్చెడి శేషము ఇప్పుడు అట్టి ప్రయాణమేమియు చేయక ఉన్నచోటనే ఉండిపోవుచున్నది. కోత పద్ధతి మాఱినప్పుడు శేషము సంగతి కూడ ఆలోచింపవలెనని దీని భావము.

చేయదగిన పనులు

అన్నిటికంటె మొదటిది పంటమార్పిడి. జొన్న తరువాత శనగగాని కందిగాని వేసినచో జొన్నవిషము తనవారిని కనుగొనదు, నత్రజని కఱవునకు పప్పుజాతి వేరుబుడిపెలు కొంత సమాధానము చెప్పుకొనును. కర్నూలు ప్రాంతమునకు సిఫారసు చేయబడిన కొర్ర, కంది 5:1 సాళ్ళ మిశ్రమము ఈ దృష్టితో చూచినను మేలైనది. ఒక్క జాతి శేషమే చేనంతయు కప్పదు. జాతి మార్చుటకు వీలుపడనప్పుడు పాతసాళ్ళను వదలి వాటి నడుమ విత్తుట, ఎఱ్ఱనేలలలో కొయ్యలను ముక్కలుచేసి వేసవి వానలకే కలియదున్నుట, మాగిన పెంటలో పెంచిన ట్రైకోడెర్మాను చల్లుట, తొలిపదునులో కొంత నత్రజనిని అందించుట, మంచి వాన పడినపిమ్మట మూడు నాలుగు వారములు ఆగి విత్తుట అను పనులలో వీలైనవానిని ఎన్నుకొనవలెను.

కొయ్యలను తగులబెట్టిన ఈ బాధ తీరును గదా యని కొందఱు తలంతురు. కాని విషముతోపాటు నత్రజనియు పొగయై పోవును. అర పాలైనను లేని కర్బనము ఇంకను తగ్గును. నేలలోనున్న వేళ్ళు మాత్రము కాలక అట్లే యుండును. జొన్న విషములో హెచ్చుభాగము వేళ్ళనుండి వచ్చునదే గనుక, మంట తగులవలసినవానిని వదలి తగులరానివానిని తగులబెట్టుచున్నది.

చేనిలోని దోషమేదో తెలియుటకు రైతు తన యింటనే ఒక పరీక్ష చేసికొనవచ్చును. నీరసించిన చేని మట్టిని నాలుగు కుండలలో నింపి, మొదటిదానిని అట్లే యుంచవలెను. రెండవదానికి చిటికెడు యూరియా కలుపవలెను. మూడవదానికి మెత్తని బొగ్గుపొడిని కలుపవలెను. నాలుగవదాని మట్టిని తడిపి, కాగితమువంటి పలుచని ప్లాస్టిక్కు పట్టాలో చుట్టి కొన్ని వారములు మండుటెండలో ఉంచి తీయవలెను. అన్నిటిలో అదే పైరు విత్తనమును ఒకేసారి విత్తి, పది పదునైదు దినముల తరువాత పెఱికి, వేళ్ళను కడిగి చూడవలెను. యూరియా కుండలో మొక్క కోలుకొన్నచో నత్రజని కఱవు. బొగ్గు కుండలో కోలుకొన్నచో, బొగ్గు విషమును పీల్చుకొను గుణము గలది గనుక, శేషవిషము. ఎండకుండలో మాత్రమే కోలుకొన్నచో తెగులుబూజో నులిపురుగో అని ఊహింపవచ్చును. ఇది తుదితీర్పు కాదు. కాని ఏ శాస్త్రజ్ఞుని ఏమని అడుగవలెనో తెలుపుటకు ఇది చాలును.

ఈ విషములను శత్రువులుగా మాత్రమే చూచుటయు న్యాయము కాదు. పాకిస్తానులోని ఫైసలాబాదు వ్యవసాయ విశ్వవిద్యాలయమువారు జొన్నచొప్పను నానబెట్టిన నీటిని కలుపుమందుగా చల్లి కొంత ఫలితమును సాధించిరి. జపానులోని జిర్‌కాస్ సంస్థలో జి.వి. సుబ్బారావు, ఆయన సహచరులు, జొన్నవేరులోని సోర్గోలియోన్ నేలలోని అమ్మోనియాను నైట్రేటుగా మార్చు సూక్ష్మజీవులను నిగ్రహించుననియు, దానిచేత వేసిన ఎరువు వృథాగా పోక నిలుచుననియు 2013లో ప్రకటించిరి. ఒక చోట మొలకను అణచు పదార్థమే వేఱొక చోట ఎరువునకు కావలియగుచున్నది. దానిని చేనినుండి తఱిమివేయుట కాక, దానికి తగిన కాలమును, తగిన చోటును చూపుటయే వివేకము.

అట్లు కాలము చూపుటకు మాత్రము ఒక చిక్కున్నది. ఈ యేడు మిగిల్చిన కొయ్యల ఫలితమును అనుభవించువాడు వచ్చే యేడు సేద్యము చేయువాడు. భూమి తనదైన రైతు ఆ రెండు యేండ్లను ఒక్కచూపున చూడగలడు. ఏడాది కౌలుకు చేను పట్టినవాడు, కౌలుసొమ్ము ముందే చెల్లించి, ధర పలుకు పంటయే వేయకతప్పనివాడు, తన తరువాతివానికొఱకు ఎందులకు పంట మార్చును? ఎందులకు నాలుగు వారములు ఆగును? భూస్వామి ఊరిలో లేడు. ఏటేట మాఱు కౌలుదారులలో ఎవనికిని ఆ చేని చరిత్ర తెలియదు. శాస్త్రజ్ఞులు విషముపేరు, గడువు, విరుగుడు చెప్పగలిగిరి గాని, ఆ గడువును పాటించుటకు తగిన హక్కును వారు ఇయ్యలేరు. కౌలు ఒడంబడిక మూడేండ్లకు తగ్గకుండ వ్రాసికొని, అందు ఒక్క యేడైనను జాతి మాఱిన పంట వేయవలెనన్న షరతు చేర్చుట, దానివలన తగ్గు రాబడిని ఇరువురును పంచుకొనుట, కుందూలోయ చేలకు ఏ మందుకంటెను ముందుగా కావలసిన చికిత్స.